పదహారుగురు, ఒక టార్పాలిన్

మా మావ పెట్టిన షరతు ప్రకారం, ఆయన కూతురు పరీక్ష తప్పితే పడాల్సిన శిక్ష నేను.

ఇది నేను కల్పించిన మాట కాదు. అరవైల చివర్లో, మార్చి పరీక్షలకి ముందు, మావ తన ఇంటి అరుగు మీద కూర్చుని, చుట్ట ముట్టించుకుని, నేను వింటుండగానే కూతురితో అన్నాడు.

"సూడమ్మా. ఎస్సెస్సెల్సీ గట్టెక్కితే టీసరు ట్రైనింగుకి అంపిస్తాను. రొండేళ్ళు సదువుకో. తప్పినావనుకో, సెప్టెంబర్లో ఇంకోపాలి కట్టు. అప్పుడూ తప్పితే మాత్రం నాను సెప్పింది ఇనాల. ఈ బావని కట్టుకుని ఆవుల్ని తోలుకో."

"ఈ బావ" అన్నప్పుడు చుట్టతో నన్ను చూపించాడు. నేను అప్పుడు ఆయన దూడకి గడ్డి వేస్తున్నాను. దూడా నేనూ ఒకేసారి తలెత్తాం.

మావంటే మా అమ్మకి సొంత తమ్ముడు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా ఊరు బొబ్బిలికి బండి మీద పూట ప్రయాణం. మా ఊరి నుంచి రెండు మైళ్ళు నడిచి హైస్కూలుకి వెళ్ళిన ఆడపిల్ల మా మరదలు ఒక్కతే. నేను కూడా చదువుకున్నవాణ్ణే, ఏడో తరగతి సగం దాకా. హెడ్మాస్టరు గారి నడక ఎలా ఉంటుందో ఆయన వెనకే నడిచి పిల్లలకి చూపిస్తుండగా ఆయన వెనక్కి తిరిగారు. అక్కడితో నాకూ బడికీ చెల్లిపోయింది. మర్నాటి నుంచి పొలం. సాయంత్రాలు మావ దగ్గర తప్పెటగుళ్ళు.

మా వైపు వాళ్ళకి తప్పెటగుళ్ళ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. గుండ్రటి చిన్న తప్పెటని గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ వాయిస్తూ వలయంగా తిరిగే ఆట. మొదట్లో అడుగు నెమ్మదిగా పడుతుంది. గురువు తాళం పెంచేకొద్దీ ఎగురుళ్ళు, గిరికీలు, చివరికి మనిషి భుజాల మీద మనిషి. మా దళానికి మావ గురువు. ఆయనతో కలిపి పదహారుగురం. వలయంలో చివరివాణ్ణి నేను. జనాన్ని నవ్వించడం నా పని. దానికి నేను వేరే సాధన చేసేవాణ్ణి కాదు.

పరీక్షలకి నెల రోజుల ముందు ఒక మధ్యాహ్నం మా అమ్మ పేలాలు వేయిస్తోంది. బాణలిలో ఇసక బాగా కాచి, గుప్పెడేసి ధాన్యం పోసి తిప్పుతుంటే గింజలు టపటపా పేలుతున్నాయి. మరదలు పక్కన పీట మీద కూర్చుని సైన్సు పుస్తకం పైకి చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"బావా, ఇది సూడు. గాలిలో అణువులు సానా సిన్నవంట. అవి ఉన్న సోటుతో పోలిస్తే లెక్కలోకే రావంట. మరి ఖాళీ సీసా మూతికి బుడగ కట్టి, ఆ సీసాని ఏడినీళ్ళలో పెడితే బుడగెందుకు ఉబ్బుతాది?"

నన్ను చదువు గురించి అడిగిన మొదటి మనిషి ఆమే. తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు.

"దీనికి పుస్తకమెందుకే," అన్నాను. "మీ అత్త బాణలి సూడు. గింజకి ఏడి తగిల్తే ఏటైంది? ఉబ్బింది. అణువూ అంతే. ఏడి తగిల్తే పేలమైపోతాది. లోపలివన్నీ పేలాలైపోతే బుడగ ఉబ్బదేటి మరి?"

ఆమె నా వైపు గౌరవంగా చూసింది. ఆ చూపు నాకు కొత్త. ఆ మాట పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకుంది కూడా. మా అమ్మ ఒక గుప్పెడు పేలాలు నా చేతిలో పోసింది, గురుదక్షిణ అన్నట్టు.

పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది.

మిగతా అన్నీ గట్టెక్కాయి, సైన్సు ఒక్కటి పోయింది. తగ్గినవి మూడు మార్కులు. ఆ ప్రశ్నకున్నవి ఐదు. ఆమె ఏం రాసిందో గుర్తు తెచ్చుకుని హైస్కూల్లో సైన్సు మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పిందట. వేడి తగిలిన అణువులు పేలాల మాదిరి ఉబ్బును అని. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి నవ్వారట. అణువు ఎంత వేడి చేసినా ఉబ్బదమ్మా, దాని ఒళ్ళు దానిదే, పెరిగేది వాటి మధ్య ఎడం అని చెప్పి, ఇంతకీ ఈ పేలాల సంగతి ఎవరు చెప్పారని అడిగారట.

"మా బావ."

"మీ బావ ఏం చదివాడు?"

"ఏడులో సగం."

ఆయన మళ్ళీ నవ్వారట. ఆ నవ్వు మోసుకుంటూ రెండు మైళ్ళు నడిచొచ్చి, తిన్నగా మా పశువుల శాలలోకి వచ్చింది.

"కావాలనే సెప్పినావు."

"ఏటి?"

"నాను తప్పితే నీకు పెళ్ళి. అందుకే తప్పుడు పాఠం సెప్పినావు."

నా నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. "అబద్ధం సెప్పాలన్నా ముందు నిజం తెలిసుండాల కదే. నాకంత సదువేదీ?" అన్నాను.

మామూలుగా అయితే నవ్వేది. నవ్వలేదు. "నీకన్నీ ఏలాకోలమే," అని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు శాల తడిక వెయ్యలేదు. దూడ బయటపడింది. దాని వెనక నేను ఊరంతా పరిగెత్తాను.

ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. గోడకి అటువైపు నుంచి ఆమె చదువు వినిపించేది. ఇటువైపు నేను దగ్గితే ఆగిపోయేది. నేను ఎదురైతే నీళ్ళబిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, నేనక్కడ లేనట్టే దాటిపోయేది. ఊళ్ళో అందరూ నా మాటలకి నవ్వుతున్నారు, ఆమె తప్ప. నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాడికి అంతకంటే పెద్ద కరువు లేదు. నిజం చెప్పాలంటే ఆమె మీద నాకు ఆశ లేదని కాదు. ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ మోసం చేసి గెలుచుకున్నాననే అనుమానంతో ఒక మనిషి జీవితాంతం నాకు అన్నం వడ్డిస్తే, ఆ అన్నం ఎలా దిగుతుంది? నేను కావాలని చెప్పలేదని ఆమె నమ్మాలి. ఆ పరీక్ష ఆమె గట్టెక్కాలి. రెండూ నాకు కావాలి. రెండో దానివల్ల ఆమె వెళ్ళిపోతుందని తెలుసు, అయినా.

ఆ ఏడు జ్యేష్ఠం దాటుతున్నా వాన జాడ లేదు. వాన కోసం తప్పెటగుళ్ళు ఆడించడం మా వైపు ఆనవాయితీ. పక్క ఊళ్ళో రైసుమిల్లు షావుకారు మమ్మల్ని రమ్మని కబురు పెట్టాడు. మంచి మనిషే. ఒక్క గొప్ప ఉండేది ఆయనకి. కళ్ళంలో ధాన్యం కుప్ప చూసి, చెయ్యి వెయ్యకుండా, ఎన్ని బస్తాలవుతాయో చెప్పేసేవాడు. బస్తా అటూ ఇటూ అయ్యేది కాదు.

మధ్యాహ్నానికి రెండు బళ్ళలో చేరాం. వెనక ఇంకో బండిలో ఆడవాళ్ళు, వాళ్ళలో మరదలు. మిల్లు వరండాలో ఒక టార్పాలిన్ పరిస్తే పదహారుగురం దాని మీద మోకాళ్ళు తగులుకుంటూ కూర్చుని అంబలి తాగాం. షావుకారు గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. కుప్పని చూసినట్టే చూశాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పొద్దు వాలాక ఆట స్థలానికి వెళ్ళి చూద్దుం కదా, మిల్లు ఆవరణలో నాలుగు వైపులా ఊక బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి, జనం మీద పడకుండా. మధ్యలో వదిలిన చోటు పెళ్ళిపీటలకి సరిపోతుంది.

"షావుకారు గారూ, ఈ జాగా సాలదండి," అన్నాడు మావ.

"సాలకపోడమేటి? పదారుమందీ ఇప్పుడే కదా ఒక టార్పాలిన్లో కూకుని తాగినారు. నాను దానికి రొండింతల జాగా ఒగ్గినాను."

"అది కూకున్నప్పుడండి. ఆడినప్పుడు ఏరే."

"ఆడినప్పుడు ఇంకో పదారుగురు వస్తారేటి?"

 కుప్ప చూసి బస్తాలు చెప్పే మనిషితో కొలతల దగ్గర ఎవరు గెలుస్తారు? తప్పెటలు కట్టుకుని లోపలికి దిగాం.

మొదటి పాట బాగానే సాగింది. నెమ్మది అడుగు, ఒద్దికైన మనుషులు. షావుకారు తలాడించి పక్కవాళ్ళతో చూశారా అన్నాడు. రెండో పాటకి మావ తాళం పెంచాడు. నా మోచెయ్యి ముందువాడి వీపుకి తగిలింది. వెనకవాడి మోకాలు నాకు తగిలింది. మూడో పాటకి ఎగురుళ్ళు మొదలయ్యాయి. ఒకడు ఎగిరి దిగడానికి చోటు లేక బస్తాకి కొట్టుకున్నాడు. బస్తా జానెడు వెనక్కి జరిగింది. ఇంకొకడు అటువైపు కొట్టుకున్నాడు. అటు బస్తా జరిగింది. మావ ఆపలేదు. ఆయనకి తాళం ఒకసారి పట్టిందంటే కింద ఇల్లు కాలుతున్నా తెలియదు. మేం కొట్టుకుంటున్న కొద్దీ నాలుగు వైపులా గోడ వెనక్కి వెనక్కి పోతోంది. బస్తాల వెనక కూర్చున్న జనం లేచి జరుగుతున్నారు. ఒక బస్తా కుట్టు తెగి ఊక లేచింది. తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ములు కూడా తాళంలోనే పడ్డాయని తరవాత అందరూ మెచ్చుకున్నారు.

అప్పుడు షావుకారు ఒక కూలిన బస్తా మీదికెక్కి చేతులు పైకెత్తి అరిచాడు.

"ఒరే, పదారుగురే కదరా. తాగింది అంబలే కదరా. ఒక్కడైనా లావైనాడేట్రా? మరి జాగా ఎలగ సాలడం లేదురా మీకు?"

నేను గాలిలో ఉన్నాను అప్పుడు. ఎగిరినవాణ్ణి ఎగిరినట్టే ఉండగా ఆ మాట నా చెవిలో పడింది. ఒక్కడైనా లావైనాడా? లేదు. పదహారుగురం పదహారుగురమే, ఎవడి ఒళ్ళు వాడిదే. కూర్చుంటే టార్పాలిన్. ఎగిరితే మిల్లు ఆవరణ చాలడం లేదు. నేల మీద దిగి, దిగిన చోటే నిలబడిపోయాను. తప్పెటగుళ్ళలో చెయ్యకూడని పని అదొక్కటే. వెనకవాడు వచ్చి నన్ను గుద్దాడు, వాడిని వాడి వెనకవాడు. ముగ్గురం కలిసి ఊకలో పడ్డాం.

ఊకలోంచి తల బయటపెట్టి ఆడవాళ్ళ వైపు చూశాను. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఇన్నాళ్ళకి నవ్వింది. నవ్వుతూనే నా వైపు చూసి, టక్కున నవ్వాపేసి, వేలు ఎత్తి షావుకారుని చూపించింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

తిరుగుదారిలో ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి బళ్ళు ఆపినప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళాను. జుట్టు నిండా ఊక.

"పేలాలు కాదే," అన్నాను. "తప్పెటగుళ్ళు."

"తెలిసింది లే. అయినా నువ్వు సెప్పు. ఈపాలి ఏటి సెప్తావో సూస్తాను."

చెప్పాను. వేళాకోళం లేకుండా చెప్పాలని ఎంత కష్టపడ్డానో ఆ ఎడ్లకి తెలుసు. అణువు లావు కాదు, చిక్కిపోదు. ఊరికే ఎగురుతుంటుంది. వేడి అంటే మావ తాళం పెంచడం. పెంచిన కొద్దీ గోడని గట్టిగా కొడతాయి. గోడ ఊక బస్తాలాంటిదైతే, అంటే బుడగైతే, వెనక్కి జరుగుతుంది. చోటు ఆక్రమించేది ఒళ్ళు కాదు, ఆట.

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. తరవాత, "ఒకటి తప్పు," అంది. "మీరు తాళానికి ఎగుర్తారు. వాటికి తాళం ఉండదంట. దేని దారి దానిదేనంట."

"అలగైతే మన దళంలో ఒకడు అచ్చం అలగే ఉన్నాడు. ఇందాక ఊకలో పడ్డాడు."

అప్పుడు నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. "కావాలని సెప్పలేదు కదా నువ్వు, పేలాల సంగతి?"

"లేదు."

"నాకు తెలుసు. కోపమొచ్చి అన్నాను," అని బండెక్కింది.

ఆ మర్నాటి నుంచి సెప్టెంబరు దాకా రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. ఈసారి నేను పాఠం చెప్పలేదు, ఆమె చెబితే విన్నాను. నాకు అర్థమయ్యేదాకా చెప్పగలిగితే పరీక్షలో ఎవరికైనా చెప్పొచ్చని ఆమె లెక్క. ఒక అణువుకీ పక్కదానికీ మధ్య ఎడం దాని ఒంటికి దాదాపు పదింతలుంటుందని మాస్టారు చెప్పారంది. అటూ ఇటూ పది, ముందూ వెనకా పది, పైకీ కిందికీ పది. పది పదులు వంద, వంద పదులు వెయ్యి. ఆ లెక్క ఏడో తరగతిలో సగానికి ముందే వచ్చేసింది కనక నాకూ తెలిసింది. అంటే వెయ్యి వంతుల చోటులో అణువుల ఒళ్ళు ఒక్క వంతు, ఇంకా చెప్పాలంటే అది కూడా ఉండదు. కుంచం తెచ్చి మా మధ్య పెట్టాను. కుంచం నిండా ఉన్న గాలిలో అణువులన్నీ ఒక మూలకి ఊడిస్తే చిటికెడు. మిగతాదంతా ఖాళీ.

"అంత ఖాళీ ఉంటే ఇంకోటి దూరొచ్చు కదా?" అంది.

"దూరొచ్చు. మోచెయ్యి తగుల్తాది."

ఆ మాట రాసుకోబోయి, నా మొహం చూసి, పెన్సిల్ కింద పెట్టేసింది. మాస్టారిని అడిగి వచ్చాకే రాసుకుంది. ఆయన ఒప్పుకున్నారట, మోచెయ్యి అనే మాట తప్ప.

మా అమ్మకి ఇదంతా బొత్తిగా నచ్చలేదు. "ఒరే, ఆ గుంట పాసైపోతే ఎల్లిపోద్దిరా. నీకు తెల్దేటి?" అంది ఒకరోజు.

"తెలుసు."

"మరి నువ్వేటి సేస్తన్నావు?"

"పాసు సేయిస్తన్నాను."

అమ్మ లోపలికెళ్ళిపోయింది. సాయంత్రం మరదలు వచ్చాక పేలాల డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. నేను ముట్టలేదు. మరదలే తింది.

సెప్టెంబరు పరీక్షకి బొబ్బిలి దాకా బండి నేనే తోలాను. ఏం రాశావని అడగలేదు. ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు మావ దాన్ని అరుగు మీద పరుచుకుని, వేలు పెట్టి నెంబర్లన్నీ ఒక్కొక్కటే వెతికాడు. ఆమె నిలబడే చూసి, ఆయన వేలు ఇంకా రెండు వరసలు పైన ఉండగానే, "ఉంది," అంది. మావ నమ్మకుండా తన వేలు అక్కడికి చేరేదాకా వెతికి, చేరాక కళ్ళు తుడుచుకున్నాడు. చుట్ట పొగ అన్నాడు. చుట్ట వెలిగించనే లేదు.

"పాసైపోయినావు తల్లీ. ఇంక ఈడి బాధ నీకు లేదు," అని నన్ను చూపించాడు. అప్పుడు కూడా నేను దూడ దగ్గరే ఉన్నాను. అది పెద్దదైపోయింది.

"నాన్నా," అందామె. "తప్పితే బావని కట్టుకోవాలన్నావు. పాసైతే కట్టుకోకూడదన్నావేటి?"

మావ ఆలోచించాడు. "అనలేదు," అన్నాడు.

"అలగైతే రొండేళ్ళు ఆగమను. వచ్చి నాకు నచ్చి సేసుకుంటాను. శిక్షగా అయితే సేసుకోను."

మావ నా వైపు తిరిగి, "ఏట్రా?" అన్నాడు. నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఆ ఒక్కరోజు లేదు. తల ఊపాను. ఎక్కువసేపు ఊపానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ట్రైనింగు విజయనగరంలో. బొబ్బిలిలో బస్సెక్కించడానికి మావా నేనూ వెళ్ళాం. మావ ట్రంకుపెట్టె పైకి ఎక్కిస్తుంటే ఆమె కిటికీలోంచి ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. పెద్ద పొట్లం, రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. బరువు మాత్రం లేదు.

"ఏటిది?"

"పేలాలు. నానే ఏయించినాను. తిను. ఎవులికీ పాఠం సెప్పకు."

బస్సు కదిలింది. బండి తోలుకుంటూ ఊరు చేరేలోపు, మావకి ఒక్క గింజ పెట్టకుండా అన్నీ నేనే తినేశాను.